పొద్దున ఆపరేషన్... రాత్రికి ఇల్లా, ఆసుపత్రా?

బరువు తగ్గించే శస్త్రచికిత్స గురించి ఈ విడత వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే చోట ఆగాయి: ఆపరేషన్ అయిన రోజే ఇంటికి వెళ్లవచ్చా, ఒక రాత్రి ఉండాలా? సర్జన్, మత్తు డాక్టరు, పోషకాహార నిపుణులు కలిసి జవాబులిస్తున్నారు. ఇక్కడ చెప్పిన మోతాదులు మామూలుగా వాడేవి. మీ డాక్టరు రాసిచ్చిన చీటీలో వేరుగా ఉంటే ఆ చీటీనే పాటించండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కకట్టే అంకె) 41. వేరే జబ్బులేవీ లేవు. వచ్చే నెల స్లీవ్ ఆపరేషన్. పొద్దున చేసి సాయంత్రం పంపించేస్తామంటున్నారు. ముప్పాతిక కడుపు కోసేసి అదే రోజు పంపేయడమేమిటని మా అమ్మ గొడవ చేస్తోంది. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ అమ్మగారి భయం ఉత్తిది కాదు. అయితే ఆ ఒక్క రాత్రి ఆసుపత్రిలో పడుకుంటే ఏ ప్రమాదాన్ని పట్టుకోవచ్చు, దేన్ని పట్టుకోలేం అన్నది ముందు తేల్చుకోవాలి.

స్లీవ్‌లో కడుపును నిలువునా స్టేప్లర్‌తో కుడుతూ కోస్తారు. 75 నుంచి 80 శాతం బయటికి వచ్చేస్తుంది. మిగిలింది సన్నటి గొట్టంలా ఉంటుంది. ఆ కుట్ల వరస నుంచి రక్తం కారితే అది ఎక్కువగా మొదటి రోజులోనే బయటపడుతుంది. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు బీపీ తక్కువగా ఉండి మూసుకుపోయిన చిన్న రక్తనాళం, మత్తు దిగి బీపీ పెరిగాక మళ్లీ తెరుచుకోవచ్చు. నాడి వేగం పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, తరువాతే బీపీ పడిపోతుంది. ఆసుపత్రిలో గడిపే మొదటి గంటలు ప్రధానంగా దీన్ని పట్టుకోవడానికే.

లీకు, అంటే కుట్టు విడి లోపలిది పొట్టలోకి కారడం, దాని సంగతి వేరు. స్లీవ్‌లో లీకు ఎక్కువగా కడుపు పైకొసన, అన్నవాహిక కలిసే చోట వస్తుంది. అక్కడ రక్తప్రసరణ పలచన, గొట్టం లోపలి ఒత్తిడి ఎక్కువ. కుట్టు అంచున ఉన్న కండకు రక్తం అందక మెల్లగా చచ్చిపోయి నోరు తెరవడానికి రోజులు పడుతుంది. అందుకే చాలా లీకులు ఇంటికి వెళ్లాక, మొదటి వారం చివర్లోనో రెండో వారంలోనో కనబడతాయి. మూడు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నా వాటిలో చాలావాటిని పట్టుకోలేం. కాళ్లలో రక్తం గడ్డకట్టడం కూడా అంతే, ఎక్కువ భాగం డిశ్చార్జి తరువాతి నెలలోనే. ఇక తిరిగి ఆసుపత్రికి రప్పించే అతి మామూలు కారణాలు వికారం, వాంతులు, ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం. ఇవి రెండో రోజు నుంచి మొదలై వారం దాకా సాగుతాయి.

మీ వయసు, మీ బీఎంఐ, ఇదే మొదటి ఆపరేషన్ కావడం చూస్తే అదే రోజు వెళ్లడం అసమంజసమేమీ కాదు. కానీ మూడు సంగతులు ముందే అడిగి తెలుసుకోండి. మీ ఆపరేషన్ ఆ రోజు పొద్దున మొదటిదా? మధ్యాహ్నం రెండింటికి మొదలైతే సాయంత్రానికి చూడాల్సినంత సేపు చూడలేరు. అవసరమైతే ఆ రాత్రి పడుకోవడానికి మంచం సిద్ధంగా ఉంటుందా? అర్ధరాత్రి ఫోన్ చేస్తే మీ ఆపరేషన్ ఏమిటో తెలిసిన మనిషి ఎత్తుతారా? మూడో ప్రశ్నకు తడబడుతూ జవాబు వస్తే మీ అమ్మగారి మాటే వినండి.

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు, బీఎంఐ 54. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. నిద్రలో మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మిషన్ ఇచ్చారు గానీ మాస్కు ముక్కును నొక్కేస్తోందని మూలన పడేశారు. అదే రోజు తీసుకుపోవచ్చా?

జవాబు: వద్దు. ఇందులో మాకు రెండో ఆలోచన లేదు.

మత్తు మందుల ప్రభావం మెలకువ రాగానే పూర్తిగా పోదు. గొంతు కండరాలు వదులుగానే ఉంటాయి. దాని మీద మార్ఫిన్ జాతి నొప్పి మందు పడితే, ఊపిరి ఆగినప్పుడు తట్టి లేపే మెదడు హెచ్చరిక కూడా మొద్దుబారుతుంది. ఆసుపత్రిలో అయితే ఆక్సిజన్ తగ్గగానే అలారం మోగుతుంది. ఇంట్లో పక్కన పడుకున్న మీరు గురక ఆగిందని, హాయిగా నిద్రపోతున్నారని అనుకుంటారు.

సీపాప్‌ను కొన్ని వారాలుగా రోజూ రాత్రి వాడుతూ, దానితో ఊపిరి సరిగ్గా కుదురుకున్నవాళ్లను అదే రోజు పంపడం గురించి ఆలోచించవచ్చు. మిషన్ ఇంట్లో ఉండి వాడనివారు, వైద్యం తీసుకోనివారితో సమానమే. మాస్కు నొక్కుతుంటే రకం మార్చమనండి. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనేవి ఉన్నాయి, నోటితో ఊపిరి తీసేవారికి మొత్తం కప్పేవి ఉన్నాయి. ఆపరేషన్ రోజున ఆసుపత్రి మిషన్ మీద ఆధారపడకుండా సొంతది పట్టుకెళ్లండి. సీపాప్ గాలి కడుపులోకి పోయి కుట్లు విప్పేస్తుందన్న భయం ఒకటి ప్రచారంలో ఉంది. దానివల్ల లీకులు పెరుగుతాయనడానికి ఆధారం లేదు. వాడకుండా పడుకోవడమే అసలు ప్రమాదం.

నిద్ర జబ్బు లేకపోయినా రాత్రి ఉండాల్సినవాళ్లు కొందరున్నారు. బీఎంఐ 50 దాటినవాళ్లు, పాత బ్యాండో (కడుపు చుట్టూ బిగించే పట్టీ) స్లీవో మార్చి మళ్లీ చేయించుకునేవాళ్లు, రక్తం పలచబడే మందుల మీద ఉన్నవాళ్లు, గుండె బలహీనత ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఇన్సులిన్ ఎక్కువ మోతాదులో తీసుకునేవాళ్లు, రోజూ బలమైన నొప్పి మందులు వాడేవాళ్లు, సొంతంగా నడవలేనివాళ్లు. ఇంట్లో పెద్దవాళ్లెవరూ తోడు లేనివారిని కూడా ఇందులోనే కలుపుతాం, ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే.

ప్రశ్న: సాయంత్రం ఇంటికి పంపేముందు ఏం చూస్తారు? తొందరపెట్టి పంపేస్తున్నారని మాకెలా తెలుస్తుంది?

జవాబు: గడియారం చూసి పంపితే తొందరపెట్టినట్టు. మిమ్మల్ని చూసి పంపితే కాదు. చూడాల్సినవి ఇవి.

తాగడం: 30 మి.లీ. చిన్న కప్పుతో 15 నిమిషాలకోసారి, అంటే గంటకు 120 మి.లీ., వాంతి లేకుండా లోపల నిలవాలి. ఒక గుక్క తాగి 'బాగానే ఉంది' అంటే చాలదు. నడక: ఆపరేషనయిన రెండు నుంచి నాలుగు గంటల్లో లేచి, తల తిరగకుండా వరండాలో రెండు మూడు సార్లు తిరగాలి. మూత్రం: కచ్చితంగా పోసుకోవాలి. నొప్పి: ఇంజెక్షన్ లేకుండా, ఇంట్లో వాడబోయే మందుతోనే అదుపులో ఉండాలి. నాడి: కూర్చుని కుదురుగా ఉన్నప్పుడు నిమిషానికి 100 లోపు.

ఆక్సిజన్ దగ్గర ఒక మెలిక ఉంది. నర్సు వచ్చి వేలికి క్లిప్ పెట్టేసరికి మీరు మేలుకుని మాట్లాడుతుంటారు, అంకె చక్కగా 97 చూపిస్తుంది. కావలసింది ఆ అంకె కాదు. ఆక్సిజన్ గొట్టం తీసేసి, ఎవరూ కదిలించకుండా కునుకు పట్టినప్పుడు ఎంత ఉందో చూడాలి. అప్పుడు పదేపదే 90 కిందకు దిగుతుంటే ఆ రాత్రి ప్రయాణం మానుకోవాల్సిందే.

కొన్నిచోట్ల నాలుగు నుంచి ఆరు గంటల తరువాత హిమోగ్లోబిన్ మళ్లీ చూస్తారు. సెలైన్ ఎక్కించినందువల్లే అది కొంత పలచబడుతుంది, కాబట్టి చిన్న తేడాకు కంగారు వద్దు. అంకె దిగుతూ నాడి పెరుగుతుంటే మాత్రం కదలకూడదు.

రాత్రి ఉంచేయడానికి అతి మామూలు కారణం రక్తస్రావం కాదు, వికారం. ఎవరికి ఎక్కువగా వస్తుందో అంచనా వేసే నాలుగు అంశాలున్నాయి: ఆడవారు కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, ప్రయాణాల్లోగానీ ఇంతకుముందు మత్తు తరువాతగానీ వాంతులవడం, ఆపరేషన్ తరువాత మార్ఫిన్ జాతి మందులు వాడటం. ఒక్కటీ లేకపోతే వచ్చే అవకాశం సుమారు 10 శాతం. నాలుగూ ఉంటే 80 శాతం దాకా పోతుంది. ప్రయాణంలో వాంతులయ్యే అలవాటుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. మత్తు వాయువుకు బదులు నరం ద్వారా మత్తిచ్చి, డెక్సామెథసోన్, ఒండాన్‌సెట్రాన్ వంటి రెండు మూడు రకాల మందులు ముందే ఇస్తారు. ఇవన్నీ చేసినా వికారం తగ్గకపోతే ఉండిపోవడమే నయం. కారులో కూర్చోగానే అది ఎక్కువవుతుంది తప్ప తగ్గదు.

ఇంకొక చిన్న సంగతి, చాలామంది మరిచిపోయేది: ఇంట్లో వాడాల్సిన మందులన్నీ ఆపరేషన్‌కు ముందే కొని ఇంట్లో పెట్టుకోండి. వచ్చేటప్పుడు మందుల దుకాణం ముందు ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.

ప్రశ్న: నాకు స్లీవ్ కాదు, బైపాస్ చేస్తామన్నారు. తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. మామూలు బైపాస్‌లో 30 మి.లీ. పట్టే చిన్న సంచి చేసి పేగుకు ఒక అతుకు, కింద పేగుకూ పేగుకూ ఇంకో అతుకు వేస్తారు. అతుకు లోపల రక్తం కారి గడ్డకడితే కింది అతుకు మూసుకుపోవచ్చు. అప్పుడు పక్కన వదిలేసిన పాత కడుపు ఉబ్బిపోతుంది, కానీ నోటి నుంచి ఏమీ రాకపోవచ్చు. ఎక్కిళ్లు, ఎడమ పక్కన పైన నొప్పి, నాడి వేగం మాత్రమే గుర్తులు. అందుకే కొన్ని కేంద్రాలు బైపాస్‌కు కూడా అదే రోజు పంపుతున్నా, ఎక్కువమంది సర్జన్లు ఒక రాత్రి ఉంచుతారు. మా మొగ్గు కూడా అటే.

ఎండోస్కోపీతో కడుపులో పెట్టే బెలూన్‌కు అదే రోజు వెళ్లడం మామూలు. కాకపోతే మొదటి మూడు రోజులు వికారం, కడుపులో మెలిపెట్టే నొప్పి గట్టిగానే ఉంటాయి. కోత లేదు కదా అని మరుసటి రోజు పనిలోకి వెళ్లేలా అనుకోకండి.

ప్రశ్న: అమ్మకు స్లీవ్ చేసి సాయంత్రం పంపిస్తారట. ఆ రాత్రి నేనొక్కదాన్నే తోడుంటాను. ఏం సిద్ధం చేసుకోవాలి, రాత్రంతా మేలుకోవాలా?

జవాబు: రాత్రంతా అక్కర్లేదు, కానీ అదే గదిలో పడుకోండి. వేలికి పెట్టే ఆక్సిమీటర్, థర్మామీటర్, 30 మి.లీ. కొలత కప్పు (మందు సీసా మూతయినా చాలు), ఒక నోటుపుస్తకం, చేతులు ఆనించుకుని లేవగలిగే కుర్చీ, వీపు కింద ఎత్తు పెట్టడానికి రెండు మూడు దిండ్లు ఉంచుకోండి. కారులో సీటుబెల్టుకూ పొట్టకూ మధ్య చిన్న దిండు పెట్టండి. ప్రయాణం గంట దాటితే మధ్యలో ఆపి నాలుగడుగులు వేయించండి.

ఇంటికి రాగానే, పడుకునే ముందు, అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి నాడి, ఆక్సిజన్ చూసి టైముతో సహా రాయండి. జ్వరం ఉదయం, సాయంత్రం చూస్తే చాలు. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి ఇంట్లోనే నడిపించండి, గంటకు పదిసార్లు నిండుగా ఊపిరి తీయించండి. పొట్ట నొప్పని పైపైన ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది.

నీళ్ల దగ్గరే అందరూ తడబడతారు. కొత్త కడుపు లోపల వాచి ఉంటుంది, పెద్ద గుక్క పడితే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు నొప్పి వచ్చి నురగతో తిరిగి వస్తుంది. చిన్న గుక్క, ఆగడం, మళ్లీ గుక్క. స్ట్రా వద్దు, దానితో గాలి మింగుతారు. గ్యాసు పానీయాలు అసలే వద్దు. చల్లటివి పడకపోతే గోరువెచ్చటి నీళ్లు ఇచ్చి చూడండి, చాలామందికి అవే తేలిగ్గా దిగుతాయి. నిద్రలోంచి లేపి తాగించక్కర్లేదు. ఆ రాత్రికి ఆసుపత్రిలో ఎక్కించిన సెలైన్ కాపాడుతుంది. మరునాటి నుంచి మాత్రం లెక్క మొదలు: రోజుకు కనీసం ఒకటిన్నర లీటరు లక్ష్యం. గంటకు 120 మి.లీ. చొప్పున పన్నెండు మెలకువ గంటలు తాగితే దాదాపు అంతే, 1,440 మి.లీ. అవుతుంది. అంటే మధ్యలో రెండు గంటలు మరిచిపోయినా ఆ రోజు వెనకబడ్డట్టే. అందుకే దాహం వేసినప్పుడు తాగుదామనుకోకుండా ఫోనులో పావుగంటకో అలారం పెట్టండి. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ అని కాగితంలో రాసిచ్చినా మొదటి రెండు మూడు రోజులు దాని జోలికి పోకండి. ముందు నీళ్లు నిలవనివ్వండి.

నొప్పికి ద్రవరూపంలోని పారాసెటమాల్ 1 గ్రాము ఆరు గంటలకోసారి, 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బుంటే ఇంకా తక్కువ. జలుబు మందుల్లో, కొన్ని నొప్పి మాత్రల్లో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది, ఆ లెక్క తప్పకుండా చూసుకోండి. నొప్పి లేకపోయినా మొదటి రెండు రోజులు వేళ తప్పకుండా ఇస్తేనే బలమైన మందు అవసరం పడదు. బలమైన మాత్ర ఇచ్చి ఉంటే నిద్రమాత్రతో కలపకండి.

కుడి భుజం మీద లాగుతున్నట్టు నొప్పి వస్తే భయపడకండి. ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడు కొంత మిగిలి డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) ఒరుసుకుంటుంది, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. నడిస్తే తగ్గుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎనిమిది గంటలు మూత్రం రాకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ప్రశ్న: ఏదైనా తేడా జరిగితే పొట్ట గట్టిపడుతుంది, జ్వరం వస్తుంది కదా? వాటిని చూసుకుంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. పొట్ట మీద కొవ్వు మందంగా ఉన్నవారిలో లోపల లీకయినా పైకి మెత్తగానే ఉండవచ్చు. జ్వరం ఆలస్యంగా వస్తుంది. అన్నిటికన్నా ముందు మాట్లాడేది నాడి.

పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి, నడిచి వచ్చిన వెంటనే కాదు. 100 పైన ఒక గంట నిలిస్తే ఫోన్ చేయాలి. 120 దాటి దిగకపోతే ఫోన్ చేసి అనుమతి అడగక్కర్లేదు, బయల్దేరాలి. వేగంగా కొట్టుకునే నాడికి ఆయాసంగానీ, ఎడమ భుజం నొప్పిగానీ, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటడంగానీ తోడయితే లీకు కాదని తేలేదాకా లీకనే అనుకోవాలి. 'ఎందుకో చాలా భయంగా ఉంది, ఏదో జరగబోతోంది' అని రోగి అన్నారంటే దాన్ని మనసు బెంగగా కొట్టిపారేయకండి. అది కూడా లక్షణాల పట్టికలో ఉన్నదే.

ఒక చిక్కుంది. బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్, బైసొప్రొలాల్ లాంటివి వాడేవారిలో ఈ హెచ్చరిక గంట మోగదు. ఆ మందులు నాడిని కిందకు నొక్కి ఉంచుతాయి. మామూలుగా 60 ఉండే మనిషికి 90 కావడం వాళ్ల లెక్కలో పెద్ద పెరుగుదలే. అందుకని ఆపరేషన్‌కు ముందు వారం రోజులు రోజూ నాడి చూసి రాసుకోండి. పోల్చుకోవడానికి సొంత అంకె ఉంటుంది. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు ముదురు రంగున్నా ఆక్సిమీటర్ తప్పు చూపిస్తుంది, రంగు ముందే తీసేయండి.

ప్రశ్న: షుగరుకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర కూడా ఉంది. అదే రోజు ఇంటికి వస్తే ఇవన్నీ మామూలుగా వేసుకోవడమేనా?

జవాబు: కానే కాదు. అదే రోజు ఇంటికి వెళ్లినవారిలో తప్పు జరిగే చోటు ఇదే. ఆసుపత్రిలో నర్సు మందులు మార్చి ఇస్తుంది, ఇంట్లో పాత డబ్బా పాతగానే ఉంటుంది.

గ్లిమెపిరైడ్ తిండితో సంబంధం లేకుండా ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది. మీరు తాగేది నీళ్లు, పలచటి ద్రవాలే కాబట్టి షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. సాధారణంగా దీన్ని ఆపరేషన్ రోజు నుంచే ఆపేస్తారు. మెట్‌ఫార్మిన్‌ను ద్రవాలు బాగా నిలిచాక, కిడ్నీలు సరిగా ఉంటే, నెమ్మదిగా కరిగే రకం కాకుండా మామూలు రకంగా మొదలుపెడతారు. ఇన్సులిన్ తీసుకునేవారికి మోతాదు బాగా తగ్గిస్తారు. టైప్ 1 వారు మాత్రం ఎప్పుడూ పూర్తిగా మానకూడదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ జాతి మందులను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే ఆపాలి. తిండి లేకుండా ఇవి ఒంట్లో ఉంటే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. ఇక్కడి మోసం ఏమిటంటే షుగరు 200 కన్నా తక్కువే చూపిస్తుంది, గ్లూకోమీటర్ చూసి అంతా బాగుందనుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి తీయడం ఉంటే షుగరు ఎంతున్నా కీటోన్ పరీక్ష చేయించాలి. ఆపరేషన్‌కు ముందు పెట్టే రెండు వారాల తక్కువ కేలరీల ఆహారం రోజుల్లోనే ఈ ప్రమాదం మొదలవుతుంది, కాబట్టి ఎప్పుడు ఆపాలో ఆ ఆహారం మొదలుపెట్టేముందే అడగండి.

మూత్రం మాత్ర మీ మీద రెండువైపులా పనిచేస్తుంది: లోపలికి వెళ్లేది తక్కువ, బయటికి పోయేది ఎక్కువ. దాన్ని ఆపి, బీపీ చూసుకుంటూ మళ్లీ మొదలుపెట్టాలా అన్నది తరువాత తేలుస్తారు. పైన చెప్పిన మెటోప్రొలాల్ లాంటివి మాత్రం హఠాత్తుగా ఆపకూడదు. ఆపేవి, తగ్గించేవి, కొనసాగించేవి అని మూడు వరసల్లో రాసిన కాగితం చేతిలో పెట్టందే ఆసుపత్రి గడప దాటకండి.

ప్రశ్న: నొప్పికి ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చా?

జవాబు: మీ సర్జన్ రాస్తే తప్ప వద్దు. ముఖ్యంగా బైపాస్ తరువాత ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అతుకు దగ్గర పుండు చేస్తాయి. అది మొదటి నెలకే కాదు, జీవితాంతం వర్తిస్తుంది.

ప్రశ్న: రాత్రి ఉంటే రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఇస్తారు కదా. ఇంటికి వెళ్లిపోతే?

జవాబు: అవసరమైనవారికి ఇంట్లో కూడా సాగుతుంది. పాత గడ్డల చరిత్ర ఉన్నవారికి, బీఎంఐ చాలా ఎక్కువున్నవారికి, నడక తక్కువున్నవారికి ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ రెండు నుంచి నాలుగు వారాలు రాస్తారు. పొట్ట చర్మం ముడత పట్టుకుని, బొడ్డుకు దూరంగా, ఆపరేషన్ గాట్లకు తగలకుండా ఇవ్వాలి. రోజూ పక్క మార్చాలి, ఇచ్చాక రుద్దకూడదు. డిశ్చార్జికి ముందు మొదటిది నర్సు ఎదుట మీ చేత్తోనే వేసుకోండి. ఇంజెక్షన్ ఉన్నా నడక మానకూడదు. ఒక కాలు మాత్రమే వాచడం, పిక్క నొప్పి, హఠాత్తుగా ఆయాసం వస్తే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: ఆసుపత్రికీ మా ఇంటికీ కారులో మూడు గంటలు. దగ్గర్లో చిన్న ఆసుపత్రి ఉంది. అదే రోజు రావచ్చా?

జవాబు: మూడు గంటలు ఎక్కువ. గంట లోపు ప్రయాణం ఉంటే బాగు. ఆసుపత్రి దగ్గరే ఒకటి రెండు రాత్రులు బసచేసి, మరునాడు ఒకసారి చూపించుకుని వెళ్లడం మధ్యేమార్గం. అది కుదరకపోతే ఆసుపత్రిలోనే ఉండండి.

ఆ చిన్న ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఒక్క విషయం నోరు తెరిచి చెప్పాలి. వాంతులతో వచ్చినవారికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయడం అక్కడివారికి అలవాటు. కొత్త కుట్ల మీద చూడకుండా వేసిన గొట్టం వాటిని చీల్చుకుని పోగలదు. 'ఆపరేషన్ చేసిన సర్జన్‌తో మాట్లాడకుండా గొట్టం వేయవద్దు' అని డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఆపరేషన్ పేరు, తేదీ, రాత్రిపూట పనిచేసే ఫోన్ నంబరు కూడా అదే కాగితం మీద ఉండాలి. రోగి పర్సులో ఒకటి, తోడున్నవారి ఫోనులో దాని ఫొటో ఒకటి.

ప్రశ్న: అదే రోజు పంపుతామని చెప్పి సాయంత్రం ఆపేశారు. ఏదో తేడా జరిగిందేమోనని అనుమానంగా ఉంది.

జవాబు: ఎందుకు ఆపారో అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. చాలావరకు వికారమో, నీళ్లు తాగలేకపోవడమో, నాడి కొంచెం ఎక్కువగా ఉండటమో అయి ఉంటుంది. అవసరం చూసి ఆపగలిగిన ఆసుపత్రినే అదే రోజు పంపే విషయంలో కూడా నమ్మవచ్చు.

ప్రశ్న: మా తమ్ముడికి స్లీవ్ చేసి అదే రోజు పంపారు. వారం బాగానే ఉన్నాడు. ఇప్పుడు తొమ్మిదో రోజు, మూడు రోజులుగా ఏది తాగినా వాంతే. అదే రోజు పంపడం వల్లే ఇలా అయిందా?

జవాబు: కాకపోవచ్చు. తొమ్మిదో రోజు కనబడేదాన్ని మొదటి రాత్రి ఆసుపత్రిలో ఉన్నా ఆపలేరు. కానీ ఆ చర్చ తరువాత. ఈ పత్రిక చదువుతున్న రోజుకు కూడా తగ్గకపోతే ఆపరేషన్ చేసిన చోటికే వెంటనే తీసుకెళ్లండి.

వాచిన గొట్టం ఇరుకై తాగింది దిగకపోవడం, మలుపు దగ్గర మెలిపడటం, లీకు, ఉత్త నీళ్ల లోటు, ఈ నాలుగింటిలో ఏదో సీటీ స్కాన్, రక్తపరీక్షలు తేలుస్తాయి. నాడి ఎక్కువగా ఉండి స్కాన్ మామూలుగా వచ్చినా కొందరికి కెమెరా పెట్టి లోపల చూడాల్సి వస్తుంది. స్కాన్ బాగుందని నాడిని పక్కన పెట్టరు.

మీరు తప్పక అడగాల్సింది థయమిన్ గురించి, అంటే బి1 విటమిన్. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. ఆపరేషన్‌కు ముందు తక్కువ తిండి, తరువాత వాంతులు కలిస్తే వేగంగా అడుగంటుతుంది. అలాంటప్పుడు గ్లూకోజ్ సెలైన్ మాత్రమే ఎక్కిస్తే ఉన్న కొద్దిపాటి థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినగలదు. కాబట్టి ముందు నరం ద్వారా థయమిన్, ఆ తరువాతే గ్లూకోజ్. ఒకటి రెండుగా కనబడటం, కళ్లు అదరడం, నడకలో తూలడం, మాటల్లో తికమక, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రిలో అడుగుపెట్టిన వెంటనే మొదటి మాటగా అదే చెప్పండి.